పూర్తిగా నేర్చుకున్నాకే చెప్పాలంటే మన ఊళ్లకి ఎవరొచ్చి చెప్పాలి?

పోస్టు పెద్దది, ముందే చెప్తున్నా. రాత్రి స్టడీ అవర్ అయ్యాక హాస్టల్ మెట్ల మీద కూర్చుని మూడు రోజుల నుంచి రాస్తున్నా. తప్పులుంటే సరిదిద్దండి, కానీ సగం చదివి కామెంట్ మాత్రం పెట్టొద్దు.

పోయిన వారం మన గ్రూపులో ఒక సీనియర్ అన్న ఒక పోస్టు పెట్టారు. మంచి ఉద్యోగంలో ఉన్నారు. మనలో చాలామందికి ఫీజులు కట్టారు. నాకు ఫస్టియర్‌లో పుస్తకాలు కొనిచ్చింది కూడా ఆయనే, అది మర్చిపోతే నేను మనిషినే కాదు. కానీ ఆయన రాసింది ఇది: డిగ్రీ కూడా అవ్వని పిల్లలు ఊళ్లలోకెళ్లి వ్యాపారం పెట్టండి, మేం దారి చూపిస్తాం అంటున్నారు. వీళ్లకే ఏమీ రాదు. మన అమ్మానాన్నల డబ్బుతో ప్రయోగాలు చెయ్యొద్దు. ముందు మీరు నేర్చుకోండి, స్థిరపడండి, తర్వాత పక్కవాళ్లకి చెప్దురు గాని. ఆయన పేర్లు పెట్టలేదు. పెట్టక్కర్లేదు కూడా, "పసుపు ప్యాకెట్ల బ్యాచ్" అంటే ఈ గ్రూపులో మేమే.

జవాబు చెప్పేముందు నా తప్పు చెప్పేస్తా. అది దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు.

మా వదినా, ఆమె తోడికోడలూ ఏటా పసుపు ఉడకబెట్టి ఎండబెట్టి సంతలో కొమ్ములే అమ్ముతారు. వంద కిలోల పచ్చి పసుపు ఉడికించి ఎండబెడితే చేతికొచ్చేది ఇరవై కిలోలు, అటూ ఇటూగా. ఆ ఇరవై కిలోల వెనక ఎన్ని కట్టెలుంటాయో, ఎంత నడుం నొప్పి ఉంటదో మనకెవరూ చెప్పక్కర్లేదు. 2025 ఉగాదికి ముందు షావుకారు కిలో 90 అన్నాడు. నేనప్పుడు బీకాం రెండో ఏడాది. అంతకు ముందు ఏడాది మా ఇంటి పసుపు ఒక నాలుగు కిలోలు పొడి కొట్టించి కాలేజీలో లెక్చరర్లకి అమ్మా. అంతే, నాకు వ్యాపారం వచ్చేసిందనుకున్నా. "వదినా, కొమ్ములు అమ్మొద్దు, పొడి చేసి ప్యాకెట్లు అమ్ముదాం. 200 గ్రాముల ప్యాకెట్ 35 పెడదాం. పసుపు 18 రూపాయలు, కవరూ స్టిక్కరూ కలిపి 6. ప్యాకెట్‌కి 11 మిగుల్తుంది" అన్నా. ఫోన్లో లెక్క చూపించి మరీ చెప్పా.

40 కిలోలు ఆడించాం. మిల్లులో రెండు కిలోలు పోయి 38 చేతికొచ్చింది. 190 ప్యాకెట్లు. కాలేజీ గేటు దగ్గర కొన్ని, టౌన్లో రైతుబజారు బయట కొన్ని, మా హాస్టల్ వంటవాళ్లకి కొన్ని, అన్నీ అమ్ముడుపోయాయి. 6,650 రూపాయలొచ్చాయి. నేను ఇక్కడ ఫొటో కూడా పెట్టా, మీరంతా చప్పట్లు కొట్టారు, గుర్తుందా?

ఆ రాత్రి వదిన వాళ్లమ్మాయి నోటు పుస్తకం తెప్పించి లెక్క రాయించింది. ఆ కొమ్ములు షావుకారుకే పోసుంటే 3,600 వచ్చేది. మిల్లుకి 800. కవర్లూ స్టిక్కర్లూ 1,140. ముగ్గురం టౌన్ చుట్టూ తిరిగిన బస్సూ ఆటో టీలూ 1,260. మొత్తం 6,800. అంటే 150 నష్టం. నేను నోరు తెరిచేలోపే వదిన అడిగింది, "తమ్ముడూ, మరి నీ లెక్కలో మా కూలేదీ?" ఇద్దరు ఆడవాళ్లు, నాలుగేసి రోజులు. అప్పుడు ఉపాధి పనికెళ్తే రోజుకి 300. అది 2,400. కలిపి భాగిస్తే మాకు ప్యాకెట్ పడింది 48 పైనే. నేను 35కి అమ్మించా.

ఆ సెమిస్టర్‌లోనే కాస్ట్ అకౌంటింగ్‌లో నాకు 74 మార్కులు. ఓవర్‌హెడ్స్ గురించి పరీక్షలో రెండు పేజీలు రాశా. అవే మా వదిన నెత్తి మీద బస్తాలా కూర్చుని బస్సెక్కుతుంటే గుర్తుపట్టలేకపోయా.

ఇంకోటి కూడా ఉంది. ఫుడ్ లైసెన్సూ గిడుగూ మనలాంటి చిన్నోళ్లకి అక్కర్లేదని నేనే చెప్పి, పేరూ ఫోన్ నంబరూ మాత్రమే వేసి ఇంకో 500 స్టిక్కర్లు కొట్టించా. టౌన్లో కిరాణా షాపాయన ప్యాకెట్ తిప్పి చూసి, "నంబర్ లేదు, బరువు లేదు, తేదీ లేదు, ఎక్కడి నుంచొచ్చావు నాయనా" అని వెనక్కి ఇచ్చేశాడు. వెయ్యి రూపాయలు గోవిందా. మూడు పెళ్లిళ్లలో రాత్రంతా క్యాటరింగ్ వడ్డనకెళ్లి ఆ వెయ్యీ, ఆ 150 వదిన చేతిలో పెట్టా. వెయ్యి తీసుకుంది. 150 తీసుకోలేదు.

అంటే అన్న చెప్పిందే రైటు కదా అంటారా? ఇక్కడే నేను ఒప్పుకోను.

నేర్చుకునేదాకా ఆగమంటున్నారు కదా అన్నా, మేం ఆగినంతకాలం మా వదిన దగ్గర సలహా చెప్పేవాడి కుర్చీ ఖాళీగా ఉంటుందా? అది ఎప్పుడూ ఖాళీగా లేదు. సంతలో షావుకారు ముప్పై ఏళ్లుగా అందులోనే కూర్చున్నాడు. "పొడీ గిడీ మీకెందుకమ్మా, నష్టపోతారు. విత్తనానికి అడ్వాన్సు కావాలంటే నేను లేనా" అంటాడు. అది సలహా కాదా? మెంటరింగే అది, వాడి లాభానికి చేసే మెంటరింగ్. ఇలాంటి వ్యాపారుల చేతిలోంచి మనల్ని బయటికి తేవడానికే 1956లో జీసీసీ పెట్టారు. డెబ్బై ఏళ్లు కావస్తోంది. మా సంతలో ఆ కుర్చీ మాత్రం కదల్లేదు. ఎందుకు కదల్లేదన్నది వేరే పోస్టు.

నెట్ సెంటర్ వాడు ఇంకో మెంటార్. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే మన ఫోన్లోనే అవుతుంది. దానికి మా పక్కూరి కుర్రాడి దగ్గర 1,500 తీసుకున్నారు. అడిగితే "ప్రాసెసింగ్" అన్నారు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పడానికి ఎంబీఏ కావాలా? మొన్న మొన్న ఆ ఫారం నింపినవాడు చాలడా?

ఇంకా ఘోరం చెప్తా. పోయినేడు నా రూమ్మేట్‌ని ఎవరో సెమినార్ అని విశాఖ తీసుకెళ్లారు. ఏసీ హాలు, టై కట్టుకున్న మనుషులు, "నువ్వు కూడా బిజినెస్ ఓనర్‌వి" అని స్టేజి మీద చప్పట్లు. 12,000 కట్టి కిట్ కొనాలి, ఇద్దర్ని చేర్పించాలి, ఆ ఇద్దరూ ఇంకో ఇద్దర్ని. వాళ్లమ్మ మేకలు అమ్మి పంపింది. ఆ కిట్‌లో సబ్బులూ, ఏవో పొడి డబ్బాలూ ఇప్పటికీ మా మంచం కిందే ఉన్నాయి. వాళ్లు ఎవరూ "మేం ఇంకా నేర్చుకుంటున్నాం, మాకు అర్హత లేదు" అని ఆగలేదన్నా. అర్హత గురించి సిగ్గుపడి ఆగేది మనవాళ్లు మాత్రమే.

పూర్తిగా నేర్చుకున్నవాళ్లు కూడా వచ్చారు, రాలేదనను. టౌన్లో ఒక సంస్థ మా ఆడవాళ్లకి మూడు రోజుల శిక్షణ అన్నారు, ఒక్క రోజులో అయిపోయింది. బ్యానరు, గ్రూప్ ఫొటో, ఉప్మా ప్యాకెట్. వచ్చిన సారు పెద్దాయనే, పెద్ద పెద్ద కంపెనీలకి చెప్పొచ్చారట. "మీ యూఎస్‌పీ ఏంటి?" అని అడిగారు. నలభై మంది ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మా పెద్దమ్మ లేచి, "సారూ, వానాకాలం పసుపు పొడి గడ్డ కట్టేస్తాంది, ఏం చెయ్యాల?" అనడిగింది. మంచి ప్రశ్న, ప్యాకింగ్ సెషన్‌లో మాట్లాడుకుందాం అన్నారు. ప్యాకింగ్ సెషన్ జరగనేలేదు. తర్వాత దానికి జవాబు కనిపెట్టింది మా వదిన తోడికోడలు. మిల్లు నుంచి తెచ్చిన పొడి వేడి మీదే కవర్లో పోసి సీలేస్తున్నాం, లోపల చెమ్మ పడుతోంది. ఇప్పుడు పరిచి, బాగా చల్లారాకే సీలు. ముసురు పట్టిన రోజు ప్యాకింగే పెట్టుకోం.

అదే సారు పెట్టుబడి గురించి మాట్లాడుతూ, భూములున్నాయి కదా, బయటి పార్టనర్‌కి లీజుకిచ్చి డబ్బు తెచ్చుకోండి అన్నారు. ఏజెన్సీలో నిలబడి ఆ మాట అన్నారు! 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణ, మనం 1/70 అని పిలుచుకునేది, ఉన్నదే మన భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని. అమ్మకమే కాదు, లీజూ తాకట్టూ కూడా దాని కిందకే వస్తాయి. అది మా హాస్టల్లో ఇంటర్ పిల్లాడికి కూడా తెలుసు. ఎవరిది సగం జ్ఞానం అన్నా? ఆయనకి మార్కెట్ తెలుసు, మన ఊరు తెలీదు. నాకు ఊరు తెలుసు, మార్కెట్ సగం తెలుసు. ఆయన సగాన్ని మాత్రం ఎవరూ సగం అనరు.

మనం ఏదైనా ఎలా నేర్చుకున్నామో ఒకసారి గుర్తు చేసుకోండి. మా ఇంట్లో కాలేజీ గేటు దాటిన మొదటోణ్ణి నేనే. డిగ్రీ అడ్మిషన్‌కి వెబ్ ఆప్షన్లు అంటే ఏంటో మా నాన్నకి తెలీదు, నాకూ తెలీదు. నాకు పెట్టించింది హాస్టల్లో రెండో ఏడాది అన్న. ఆయనా ముందేడు తప్పు కాలేజీ ముందు పెట్టి నష్టపోయినవాడే. అందుకే "ఈ వరస పెట్టకు, నేను ఇలాగే దెబ్బతిన్నా" అని చెప్పగలిగాడు. స్కాలర్‌షిప్ ఫారం, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు, కులధ్రువీకరణకి ఎవరి సంతకం ముందు, ఇవన్నీ మనకి ఒక్క ఏడాది ముందున్నవాళ్లే చెప్పారు. పీహెచ్‌డీ అయ్యాక చెప్తాలే అని వాళ్లు ఆగుంటే ఈ గ్రూపులో సగం మంది ఇప్పుడు ఏ ఇటుక బట్టీలోనో ఉండేవాళ్లం.

కాఫీ చూడండి. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు తెరిచారు, 2019లో అరకు అరబికాకి జీఐ గుర్తింపు వచ్చింది, పేపర్లో చదివి మురిసిపోయాం. మంచిదే. కానీ మా నాన్నకి కాఫీ నేర్పింది ఎవరు? మొక్కలు సర్కారోళ్లు ఇచ్చారు, ఒకసారి చూపించి వెళ్లారు, కాదనను. మిగతాదంతా మా మేనమామ. ఆయనకప్పటికి ఒక్క కాపు అనుభవం. నాటిన మూడు నాలుగేళ్లకి గానీ కాపు రాదు కదా, అన్నేళ్లు ఎదురుచూసి మొదటి కాపు ఆత్రంగా పచ్చికాయా ఎర్రపండూ కలిపి దూసేశాడు. రేటు పోయింది. మరుసటేడు మా నాన్న కొమ్మ పట్టుకుని దూయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది ఆయనే. పండింది పండినట్టు ఏరుకోవాలని, పల్పర్ పట్టిన గింజని జిగురు పోయేదాకా కడగాలని, నేల మీద ఆరబెడితే మట్టివాసన పడుతుందని ఒక్కొక్కటీ చెప్పాడు. కాఫీ బాగా వచ్చినవాడు కాదు మా మేనమామ, కాఫీతో కొత్తగా దెబ్బతిన్నవాడు. దెబ్బ పచ్చిగా ఉన్నప్పుడు చెప్పిన మాట వేరే ఉంటది. పదేళ్లు పోయాక ఆయన్నే అడిగితే "అదేముందిరా, ఏరుకోవడమే కదా" అంటాడు. ఎక్కడ కాలు జారిందో ఆయనకే గుర్తుండదు.

ఇంకో లెక్క చెప్తా. వన్‌ధన్ పథకంలో ఒక క్లస్టర్ అంటే 15 సంఘాలు, సంఘానికి 20 మంది, మొత్తం 300 మంది. ఈ 300 మందిలో ప్రతి ఒక్కరికీ ధర కట్టడం, స్టిక్కర్ మీద ఏం రాయాలో, డబ్బు ఎలా రాసుకోవాలో పక్కన కూర్చుని నేర్పాలి. ఒకసారి చెప్తే అయ్యేది కాదు, పది సార్లు. మనలో స్థిరపడినవాళ్లు ఎంతమంది ఉన్నారు? వాళ్లలో ఊరికొచ్చేది ఎంతమంది? కోపం తెచ్చుకోకండన్నా, మీరు ఆఖరిసారి మన సంతకి వచ్చి ఎన్నాళ్లయింది?

మా బ్యాచ్‌ని వెనకేసుకొస్తున్నాననుకోవద్దు, వాళ్లకీ ఉంది. మూడు రోజుల ట్రైనింగ్ సర్టిఫికెట్ రాగానే ప్రొఫైల్లో "బిజినెస్ కోచ్" అని రాసుకున్నవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు. జూనియర్ల దగ్గర 499 తీసుకుని ఆన్‌లైన్ క్లాసు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఒక్క ప్యాకెట్ కూడా అమ్మలేదు, ఒక్కసారి బ్యాంకు మెట్లెక్కలేదు. వీళ్ల గురించి అన్న రాసుంటే నేను మొదటి లైకు కొట్టేవాణ్ణి. తెలీకపోవడం తప్పు కాదు. తెలీని చోట గొంతు పెంచి మాట్లాడటం తప్పు. నేను వదిన దగ్గర చేసింది సరిగ్గా అదే. "35 పెడదాం" అనే ముందు "నేను నాలుగు కిలోలే అమ్మాను వదినా, 40 కిలోలకి ఎంత ఖర్చవుద్దో నాకు తెలీదు" అని ఒక్క మాట అనుంటే ఆమే ఆపేది. పది కిలోలతో మొదలుపెట్టేవాళ్లం. నా సగం చదువు కంటే ఆ చెప్పని ఒక్క మాటే ఆమెకి ఎక్కువ ఖరీదైంది.

ఇప్పుడు నేను ఎలా చేస్తున్నానంటే, ఎవరి డబ్బూ నా చేతిలోకి తీసుకోను. నా ఫోన్‌పేకి కొట్టించుకోను. మాట్లాడేటప్పుడు ఇది నేను చేసి చూసింది, ఇది వేరేవాళ్లు చెప్తే విన్నది, ఇది నాకు తెలీదు అని మూడూ విడివిడిగా చెప్తా. మొదట్లో నవ్వేవాళ్లు, "ఏటిరా వీడు అన్నింటికీ తెలీదంటాడు" అని. ఇప్పుడు అలవాటైంది. తెలీదన్నప్పుడు చేతులు దులుపుకోను, తెలిసినవాళ్ల దగ్గరికి వాళ్లతోపాటు వెళ్తా. ఫుడ్ రిజిస్ట్రేషన్ అలాగే అయింది. ఆఫీసుకెళ్లి ఇద్దరం కూర్చుని అడిగితే, అప్పటికి ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకానికి మామూలు రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి 100 రూపాయలు ఫీజు అన్నారు. వెయ్యి రూపాయల స్టిక్కర్లు తగలేసిన నాకు ఆ వంద వినగానే కళ్లు తిరిగాయి. ఇప్పుడు మా ప్యాకెట్ మీద 14 అంకెల నంబరుంది, బరువుంది, తేదీ ఉంది, ఆకుపచ్చ చుక్క కూడా ఉంది.

మా ఊరి దగ్గర బైకు మెకానిక్ అన్న ఒకాయన షెడ్డు కోసం లోన్‌కి తిరుగుతున్నాడు. పీఎంఈజీపీలో పల్లెల్లో మన ఎస్టీలకి 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం అని ఆయనకి చెప్పింది నేనే. తీరా వెళ్తే బ్యాంకులో హామీగా ఏం పెడతావన్నారు. ఇద్దరం బిక్కమొహం వేసుకుని బయటికొచ్చాం. ఆ వారమంతా లైబ్రరీలో చదివితే, మా లెక్చరర్‌ని అడిగితే తెలిసింది, చిన్న యూనిట్లకి అప్పటికి 10 లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధనే ఉందని. ఆ కాగితం ప్రింటు తీసుకుని మళ్లీ వెళ్లాం. ఫైలు తీసుకున్నారు. ఇంకా తిప్పుతున్నారు, లోన్ రాలేదు. రాకపోవచ్చు కూడా. కానీ నాకు అన్నీ వచ్చేదాకా ఆగుంటే ఈ నిబంధన నాకూ తెలిసేది కాదు. ఆయన్ని వెంటబెట్టుకుని ఆ కౌంటర్ ముందు తలదించుకున్నాను కాబట్టే వెతికా. పరీక్షలో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

వదిన విషయం చెప్పి ఆపేస్తా. కొత్త లెక్క ఆమే కట్టింది, నేను పక్కన కూర్చుని రాశా. కూలి, మిల్లు, ఛార్జీలు, తరుగు అన్నీ వేసుకుని 200 గ్రాములు 60 పెట్టింది. అందులో షాపాయన 9 తీసుకుంటాడు. ఆమెకి చేరేది 51. కూలి పోను మిగిలేది రెండు మూడు రూపాయలే, కానీ కూలి మాత్రం చేతికొస్తుంది. "60కి కొంటారా?" అనడిగింది. తెలీదు వదినా అన్నా. అందుకని ముందు 20 ప్యాకెట్లు మాత్రమే పట్టుకెళ్లాం. 14 పోయాయి. కొననివాళ్లలో ఇద్దరు, 100 గ్రాముల ప్యాకెట్ ఉంటే తీసుకుందుం అన్నారు. ఆమె అది కూడా నోటు పుస్తకంలో రాసుకుంది. ఇప్పుడు పక్కూరి ఇద్దరు ఆడవాళ్లు చోడి పిండి అమ్ముతాం, ఎలా అని వదిన దగ్గరికే వస్తున్నారు. నా దగ్గరికి కాదు. ఆమె చదివింది ఐదో తరగతి, ఇప్పటిదాకా చేసింది ఒక్క బ్యాచ్, అది కూడా నష్టం. ఆ నష్టం పేజీయే వాళ్లకి ముందు చూపిస్తోంది.

అన్నా, సంక్రాంతి సెలవులకి మీరు ఊరొస్తున్నారని విన్నా. ఈసారి 12 కిలోలు ఆడిస్తున్నాం, సగం 100 గ్రాముల కవర్లలో. చిన్న కవరైతే ఖర్చు ఎంత పెరుగుద్దో నేనూ వదినా చెరో లెక్క వేశాం, రెండూ కలవట్లేదు. మీరు ఒక గంట వచ్చి ఆ పుస్తకం చూస్తే బాగుంటుంది. భోగి ముందు రోజు వరకూ ప్యాకింగ్ మొదలుపెట్టం.